మందుపాలు పోసిన కాలవ

నీళ్ల పరీక్షల ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లు మొదటి నెలంతా మిషన్ల చుట్టూ తిరుగుతారు. పెద్ద మిషన్ ఎప్పుడు ముట్టుకోనిస్తారా అని కాచుకుని కూర్చుంటారు. నేనూ అంతే. భీమవరంలో ఒక ల్యాబ్‌లో చేరి, అక్కడే జుట్టు నెరిపించుకుని రిటైరైన దాన్ని. ఇప్పుడు చెబుతున్నాను, మిషన్ నేర్చుకోవడానికి ఆరు నెలలు చాలు. సీసాలో నీళ్లు ఎక్కణ్ణించి వచ్చాయో, ఆ సీసా తెచ్చిన మనిషి ఏ భయంతో తెచ్చాడో కనుక్కోవడానికి మాత్రం నాకు ఉద్యోగం మొత్తం పట్టింది.

ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినవి ఆలస్యంగా వచ్చాయి, రానివి రాలేదు. రిటైరయ్యే ముందు రెండేళ్లలో జరిగిన ఒక్క వ్యవహారం రాస్తాను. అందులో తప్పులు చాలావరకు నావే. చివరిది తలుచుకుంటే ఇప్పటికీ అరికాళ్లు చల్లబడతాయి. అయినా గండం గడిచింది కాబట్టి ధైర్యంగా రాయగలుగుతున్నాను.

పెద్దిరాజు గారి రొయ్యలు

పెద్దిరాజు గారిది మొగల్తూరు దగ్గర. రెండు రొయ్యల చెరువులు లీజుకి తీసుకుని చేస్తుండేవారు. మితభాషి. పట్టుబడికి, అంటే పెరిగిన రొయ్యల్ని చెరువులోంచి పట్టడానికి, ముందు వాటిని కొనే కంపెనీవాళ్లు శాంపిల్ తీసుకెళ్లి యాంటీబయాటిక్ ఏమైనా ఉందేమో చూస్తారు. విదేశాలకి వెళ్లే సరుకు కాబట్టి చుక్కంత ఉన్నా ఒప్పుకోరు. ఈయన రొయ్యల్లో ఎన్రోఫ్లాక్సాసిన్ అనే మందు కనబడింది. పశువులకి వాడే మందు అది, రొయ్యలకి వాడకూడదు. కంపెనీ సరుకు వద్దంది. ఈయన ఆశ చావక అదే రొయ్యల్ని మా ల్యాబ్‌కి తెచ్చారు. మా పరీక్షలోనూ అదే వచ్చింది.

"నేను ఏ మందూ వెయ్యలేదండి మేడం గారూ," అన్నారు.

కౌంటర్ దగ్గర ఇంకో నలుగురు రైతులు నిలబడి ఉన్నారు. నాకు నోటి దురుసు ఎక్కువ, అది మా ఇంట్లోవాళ్లందరూ ఒప్పుకుంటారు. "అయితే రొయ్యలే షాపుకెళ్లి కొనుక్కున్నాయంటారా అండి?" అన్నాను.

నలుగురూ నవ్వారు. పెద్దిరాజు గారు కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. ఆ పంట లోకల్ మార్కెట్లో ఎంతకో ఒకంతకి పోయింది. ఇంకొక్క పంట ఇలా తిరిగొస్తే చెరువులు వదిలేసి, జంగారెడ్డిగూడెంలో బావమరిది పామాయిల్ తోటకి కాపలా వెళ్లాల్సిందేనని తర్వాత ఎవరో చెప్పగా తెలిసింది.

రైతులు అబద్ధం ఆడరని నేను అనను. ఆడతారు. మందు వేసి వెయ్యలేదని ఒట్టు పెట్టినవాళ్లని వందమందిని చూశాను. నా వెటకారం అందులోంచి వచ్చిందే. కానీ రిపోర్టు చెప్పేది ఒక్కటే, సరుకులో మందుందని. ఎవరు వేశారో రిపోర్టు చెప్పదు. అది నేను చెప్పేశాను, అడక్కుండానే, నలుగురి ఎదురుగా.

వారం తిరక్కుండా ఆయన మళ్లీ వచ్చారు. ఈసారి చేతిలో నీళ్ల సీసా. "ఇవి మా చెరువు నీళ్లు కాదండి. మేం నీళ్లు తోడుకునే కాలవవి. కాలవ నాది కాదు కదండి, అందులో నేనేం వేస్తాను. ఇవి చూడండి."

చూశాను. అందులోనూ ఉంది.

కాలవ వెంబడి

మా పైఅధికారి మూర్తి గారు. నేను పనిచేసిన ఐదుగురు బాసుల్లోకీ మంచివాడు, అందరికన్నా విసిగించినవాడూ ఆయనే. రిపోర్టు చూసి, "కమలా, జీపులో కూర్చుంటే కాలవ కనపడదమ్మా. దిగి నడు," అన్నారు.

చేతిలో సీసాల బుట్ట పట్టుకుని, పెద్దిరాజు గారు ముందు, నేను వెనక, గట్టు మీద పైకి నడిచాం. ప్రతి తూము దగ్గరా ఒక సీసా నింపాను. చెప్పులు బురదలో దిగబడి ఒకటి తెగింది. ఒక మలుపు దగ్గర నీళ్లు పలచటి మజ్జిగ రంగులో ఉన్నాయి. అక్కడ కాలవలోకి ఒక గొట్టం ఉంది. గొట్టం పైన గేదెల డైరీ.

డైరీ ఎస్తేరు గారిది. భర్త పోయాక నలభై గేదెల్ని ఒంటిచేత్తో సాకుతున్న మనిషి. వాళ్ల చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. పాకలో నేల కడిగినట్టుంది, గేదెలు నిగనిగలాడుతున్నాయి. మేం ఎందుకొచ్చామో సగం వినేసరికే ఆవిడ గర్వంగా చెప్పడం మొదలుపెట్టారు.

"పొదుగు వాపు వస్తే మందు వేయించక తప్పదు కదండి. కానీ మందు పడ్డ గేదె పాలు మేం అమ్మం. డాక్టరు గారు ఎన్ని పూటలు ఆగమంటే అన్ని పూటలూ పారబోస్తాం. చంటిపిల్లలు తాగే పాలండి అవి. దేవుడికి జవాబు చెప్పుకోవాలి."

"ఎక్కడ పారబోస్తారండి?" అన్నాను.

"ఆయ్, ఇక్కడేనండి," అని గొట్టం చూపించారు.

ఆ చుట్టుపక్కల అంత నిజాయితీగా పాలు అమ్మే మనిషి ఇంకొకరు ఉండరు. ఆ నిజాయితీ అంతా గొట్టంలోంచి వెళ్లి పెద్దిరాజు గారి రొయ్యల్లో తేలింది. ఆవిడని తిట్టడానికి నాకు నోరు రాలేదు. పెద్దిరాజు గారికి వచ్చింది.

"చంటిపిల్లల్ని చూసుకున్నారు, బాగానే ఉందండి. కింద మేం కూడా ఉన్నాం కదా."

"నేను కావాలని పోశానా అండి? ఎవరైనా చెప్పారా నాకు?"

మాటా మాటా పెరిగింది. ఆవిడ ఏడుస్తూ లోపలికి వెళ్లిపోయారు, ఈయన వెనక్కి తిరక్కుండా గట్టెక్కేశారు. నేను వెనకాల పరిగెత్తి, తూము దగ్గర అందుకుని, "ఆ రోజు అన్న మాట తప్పేనండి, ఏమీ అనుకోకండి," అన్నాను.

"అన్నప్పుడు నలుగురున్నారండి. ఇప్పుడెవరూ లేరు," అన్నారాయన.

చెంపమీద కొట్టినట్టయింది. మర్నాడు పొద్దున్నే మొగల్తూరులో రొయ్యల మేత అమ్మే కొట్టుకి వెళ్లాను. అక్కడ రోజూ పదిమంది రైతులు చేరతారు. టీ తాగుతున్న వాళ్ల మధ్య నిలబడి, పెద్దిరాజు గారు మందు వెయ్యలేదు, పై నుంచి కాలవలో వచ్చింది, నేను తెలియక ఆయన్ని నలుగురిలో నవ్వులపాలు చేశాను అని చెప్పాను. చీరంతా చెమటకి తడిసిపోయింది. కొత్తగా చేరిన పిల్లలకి ఇదొక్కటి గట్టిగా చెబుతాను. తప్పు ఎక్కడ చేశారో అక్కడే, అంతమంది ఎదురుగానే దిద్దుకోవాలి. గదిలోకి పిలిచి చెప్పే క్షమాపణ మన సుఖం కోసం చెప్పుకునేదే.

ఆకుపచ్చ తొట్లు

పాలు కాలవలో పోయకండి అనడం తేలిక. మరెక్కడ పొయ్యాలి? పాలొక్కటే కాదు, గేదెల మూత్రంలోనూ మందు వస్తుంది, పాక కడిగిన నీళ్లలోనూ ఉంటుంది. మూర్తి గారు అన్నారు, "నాచునీ బాక్టీరియానీ కలిపి పెంచుదాం. ఆ పనేదో అవి చేస్తాయి."

సంగతి ఇంతే. నీళ్లలో కంటికి కనపడనంత చిన్న నాచు ఉంటుంది. ఎండ తగిలితే అది ప్రాణవాయువు వదులుతుంది. ఆ గాలితో బాక్టీరియా బతికి మురికినీ, మందునీ విరగ్గొడుతుంది. బాక్టీరియా వదిలిన గాలితో నాచు పెరుగుతుంది. ఒకదానికొకటి ఆసరా. కొంత మందు ఉత్త ఎండకే విరిగిపోతుంది. అందుకని లోతు తక్కువగా, వెడల్పుగా ఎస్తేరు గారి పాక పక్కన మూడు సిమెంటు తొట్లు కట్టించాం. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి నీళ్లు మెల్లగా పారేట్టు ఏర్పాటు.

కాగితం మీద ఎంత బాగుందో, తొట్లో అంత కంపు కొట్టింది. ముందు నేను ఒక కాలేజీ నుంచి శుభ్రంగా పెంచిన నాచుని గాజు కుప్పెల్లో, పసిబిడ్డని తెచ్చినట్టు ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. పేడనీళ్లలో పడి వారానికల్లా చచ్చింది. ఎస్తేరు గారు చూసి, "మా గేదెలు నీళ్లు తాగే తొట్టి గోడకి ఇదే పాకుడు పడుతుందండి. ఎంత గీకినా చావదు," అన్నారు. అంత చదువుకున్నా నాకు తట్టలేదు. ఆ పాకుడు గీకి తొట్లో వేశాం. పదిరోజుల్లో నీళ్లు పచ్చగా తిరిగాయి. ఆ చోట పుట్టి, ఆ మురికికి అలవాటుపడ్డదే అక్కడ పనిచేస్తుంది.

తర్వాత ఒకరోజు మందుపాలు బకెట్లకి బకెట్లు ఒక్కసారే పోసేశారు. తొట్టి విరిగిన పాలలా అయిపోయి, ఆ వీధిలో ఎవరూ అన్నం తినలేకపోయారు. డ్రమ్ములో పట్టి, నీళ్లు కలిపి, రోజంతా కొంచెం కొంచెంగా వదలాలని అప్పుడు నేర్చుకున్నాం.

ఇదంతా కుదిరిందనుకునేసరికి క్రిస్మస్ వచ్చింది. నేను వారం సెలవు తర్వాత వెళ్లి చూస్తే తొట్లు మూడూ మల్లెపూవుల్లా ఉన్నాయి. ఎస్తేరు గారు పండక్కి ఇంటికీ, పాకకీ, ప్రహరీకీ సున్నం వేయిస్తూ, ఆ చేత్తోనే తొట్లు కూడా కొబ్బరి పీచుతో లోపలంతా తోమించి సున్నం కొట్టించారు.

"పండక్కి పదిమందీ వస్తారు కదండి. అంత పాకుడు చూస్తే ఏమనుకుంటారు?" అన్నారు, నా మొహం చూసి భయపడుతూ.

గోడకి పట్టిన ఆ పాకుడే మేం మూడు నెలలు పెంచిన పంట. కోపం నషాళానికంటింది, కానీ ఆవిడని ఏమని అనను? ఎన్నో జాగ్రత్తలు చెప్పాను గానీ, కడగొద్దు అన్న ఒక్క ముక్క చెప్పలేదు. శుభ్రంగా ఉండే మనిషికి అదే ముందు చెప్పాలి. మళ్లీ గేదెల తొట్టి దగ్గరకెళ్లి గీకడం మొదలుపెట్టాను. ఆవిడ తృప్తి కోసం, ఈ పాకుడు చెత్త కాదని నచ్చచెబుతూ, "ఇందులో బోలెడు బలం ఉందండి. కొన్నిచోట్ల దీన్ని రొయ్యలకి, చేపలకి మేతగా కూడా వేస్తారు," అని ఒక గొప్ప మాట విసిరాను.

నీళ్లలో లేదు

మాఘమాసం వెళ్లేసరికి మూడో తొట్లోంచి వచ్చే నీళ్లలో మందు కనపడటం మానేసింది. ఒకసారి కాదు, వరసగా నాలుగుసార్లు చూశాను. నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. పెద్దిరాజు గారికి ఫోన్ చేసి, కాలవ నీళ్లు నిశ్చింతగా తోడుకోండి, సీడ్, అదే రొయ్యపిల్లల్ని, వేసుకోండి అని చెప్పాను. ఆయన వేశారు.

మూర్తి గారు రిపోర్టు చదివి కళ్లద్దాలు తీశారు. "నీళ్లలో లేదు. బాగుంది. ఎక్కడికెళ్లింది?"

"బాక్టీరియా తినేసింది సార్."

"తింటుంటే చూశావా?"

నాకు ఒళ్లు మండింది. మంచి వార్త తెస్తే మెచ్చుకోవాల్సింది పోయి పుల్లవిరుపు మాట. రిటైర్‌మెంట్ దగ్గరికొచ్చింది, సన్మానం రోజున చెప్పుకోవడానికి ఒక విజయం దొరికింది, దాన్ని చెడగొట్టుకోవడం ఇష్టంలేక ఊరుకున్నాను. ఆయనా మళ్లీ అడగలేదు. అదే ఆయనలో లోపం. సరైన ప్రశ్న వేసేవారు, జవాబు కోసం వెంటపడేవారు కాదు. నేను కదా వెంటపడాల్సింది.

సీడ్ వేసిన రెండు నెలలకి డైరీకి వెళ్లాను. తొట్ల అడుగున పేరుకునే పచ్చటి బురదని వారానికోసారి తీసి, పక్కన పట్టా మీద పోస్తుండేవారు. అక్కడ కుప్ప లేదు.

"బురదేం చేశారండి?" అన్నాను.

ఎస్తేరు గారి మొహం వెలిగింది. "ఎండబెట్టి, పొడి చేయించి, నాలుగు బస్తాలు పెద్దిరాజు గారికి పంపానండి. ఏడాదై ఆయన నాతో మాట్లాడటం లేదు. ఊరికే వెళ్లి ఏం మాట్లాడతాను? మీరే అన్నారు కదా, రొయ్యలకి బలం అని. తీసుకున్నారండి, తిప్పి పంపలేదు."

అప్పుడు వెలిగింది నాకు, మందు ఎక్కడికెళ్లిందో. నీళ్లలోంచి పోయిందంటే అంతా విరిగిపోయిందని కాదు. కొంత ఆ నాచుకి అతుక్కుని ఉండొచ్చు. చెరువు నిండా పలచగా ఉండే మందుని మేం తొట్లలో చిక్కగా పోగుచేసి, ఎండబెట్టి, మూట కట్టి, ఆయన గుమ్మంలోకే పంపించి ఉంటాం. పంపింది ఎస్తేరు గారే అయినా సలహా నాది. నేను బురదని పరీక్ష చెయ్యనే లేదు.

డైరీ నుంచి చెరువుల దగ్గరకి పదినిమిషాల దారి. ఆ పదినిమిషాలూ పామాయిల్ తోట, బావమరిది, అవే నా కళ్లముందు ఆడాయి. ఈసారి ఆ మనిషి పంట పాడైతే దోషం నాదే, పంచుకోవడానికి ఇంకెవరూ లేరు. పెద్దిరాజు గారు గట్టుమీద వంగి మేత పళ్లెం పైకి లాగి చూసుకుంటున్నారు.

"ఎస్తేరు గారు పంపిన బస్తాలు..." అన్నాను.

"షెడ్డులో ఉన్నాయండి."

వెళ్లి చూశాను. నాలుగూ ఉన్నాయి. మూతి కుట్టు విప్పలేదు.

"ఎందుకు వెయ్యలేదండి?"

"పాపం ఆవిడ మనసుపడి పంపారు, వద్దంటే బాగోదని తీసుకున్నాను. చెరువులో వెయ్యడం వేరే సంగతి కదండి. మీకు చూపించాకే అనుకున్నాను. ఈ నాలుగు రోజులూ కరెంటు సరిగ్గా లేక చెరువుకి గాలి కొట్టే ఏరేటర్ల దగ్గరే ఉండిపోయాను గానీ, ఈపాటికి మీ ల్యాబ్‌కి తెచ్చేవాణ్ణే." కొంచెం ఆగి, "రొయ్యలు షాపుకెళ్లాయా అన్నారు కదా మీరు. ఇంటికెళ్లి ఆలోచించానండి. నా చెరువులో ఏం పడుతోందో నాకే తెలియదని అర్థమైంది. అప్పణ్ణించి సున్నం బస్తా అయినా చూపించకుండా వెయ్యను," అన్నారు.

నేను అక్కడే గట్టు మీద కూలబడ్డాను. ఆయన కొబ్బరిబొండాం కొట్టించి ఇచ్చారు.

బస్తాల్లోది పరీక్ష చేశాను. మందు ఉంది. కాలవ నీళ్లలో ఎన్నడూ చూడనంత ఉంది. రిపోర్టు పట్టుకుని మూర్తి గారి దగ్గరకెళ్లి, ఎక్కడికెళ్లిందో దొరికింది సార్ అన్నాను. ఆయన ఎత్తిపొడవలేదు. "అయితే ఇప్పుడు పని మొదలెడదాం," అన్నారంతే.

బురద కోసం సిమెంటు గొయ్యి కట్టించి, పైన రేకులు వేయించాం. ఎండుగడ్డి కలిపి నెలల తరబడి మాగనిచ్చి, మందు లేదని పరీక్షలో తేలితే తప్ప బయటికి తియ్యకూడదని నియమం పెట్టాం. తేలినా మేతకి మాత్రం ఎప్పటికీ వాడకూడదు. అన్నింటికన్నా పెద్ద పని పశువుల డాక్టరు గారు చేశారు. పాలు తీశాక పొదుగు శుభ్రం చేసే పద్ధతి మార్పించి, వాపులే తగ్గించారు. మందు పడకపోతే తీసే శ్రమే లేదు. మా తొట్ల కన్నా అది మంచి వైద్యమని ఒప్పుకోవడానికి నాకు నామోషీ లేదు.

పట్టుబడి

బస్తాలు తప్పించుకున్నాం గానీ, అప్పటిదాకా చెరువులోకి తోడిన నీళ్ల సంగతేంటి? తొట్లు కట్టకముందు కాలవ అడుగున పేరుకున్న మట్టిలో ఏముందో? నేను నిశ్చింతగా ఉండమన్న మాట మీద ఆయన సీడ్ వేశారు, నాకు నిశ్చింత లేదు. కంపెనీవాళ్లు శాంపిల్ పట్టుకెళ్లిన రోజు నుంచి అన్నం సయించలేదు. ఫోన్ చేసి అడగడానికి భయం. నాలుగోరోజు ఆయనే చేశారు.

"మేడం గారూ, లోడు ఎక్కిస్తున్నారండి."

"రిపోర్టు ఏమొచ్చిందండి?"

"లోడు ఎక్కిస్తున్నారంటే అదేనండి రిపోర్టు."

ఫోన్ పెట్టేసి ల్యాబ్ వెనక మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. దుఃఖం కాదు. ఏడాదిగా గుండె మీద పెట్టుకు తిరిగిన బరువు దిగితే అలా వస్తుంది కాబోలు. మొహం కడుక్కుని, ఆవిడకి నేనే చెప్పాలని బస్సెక్కి డైరీకి వెళ్లాను.

చెబుతుండగానే ఐసు నీళ్లు కారుతూ రొయ్యల లారీ డైరీ ముందు రోడ్డు మీదుగా వెళ్లింది. వెనకాలే మోటార్‌సైకిలు మీద పెద్దిరాజు గారు. లారీని పోనిచ్చి ఆయన ఆగారు. గేటు దాటి లోపలికొచ్చి, పాకంతా ఒకసారి చూసి, ఎస్తేరు గారి వైపు తిరిగారు.

"మా ఇంటికి కూడా పాలు వాడుక పెడతారా అండి? ఈ పూట నుంచే, రెండు లీటర్లు."

ఆవిడ కొంగుతో చెయ్యి తుడుచుకున్నారు. ఏడాదిగా ఆ మనిషి నోటి నుంచి ఒక్క మాట కోసం చూసిన మనిషి. ఎగిరి గంతేస్తారనుకున్నాను.

"ఈ పూట లేవండి రాజు గారూ," అన్నారు. "రెండు గేదెలు మందులో ఉన్నాయి. వాటి పాలు డ్రమ్ములోకి పోతాయి. మిగతావి పాత వాడుకలకే సరిపోతాయి. శుక్రవారం నుంచి పంపుతాను."

పెద్దిరాజు గారు తలూపి, గేటు దగ్గరున్న ఖాళీ క్యానొకటి తీసి మోటార్‌సైకిలుకి తగిలించుకున్నారు. "శుక్రవారం పొద్దున్న నేనే వస్తానండి," అన్నారు.